మీ లాంగ్వేజ్ స్టాండర్డ్ లైబ్రరీలో సైన్, లాగ్, పౌ: సిస్టమ్‌ది పిలవాలా, పోర్ట్ చెయ్యాలా, కొత్తగా రాయాలా?

సొంతంగా లాంగ్వేజ్ తయారుచేసే వాళ్లకి ఒక రోజు వస్తుంది, పార్సర్ అయిపోయి ఉంటుంది, స్ట్రింగులూ లిస్టులూ నడుస్తుంటాయి, ఇంక మ్యాథ్ మాడ్యూల్ ఒక్కటే మిగిలింది కదా సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది అనుకుంటారు. నేనూ అదే అనుకుని సైన్‌కి టేలర్ సిరీస్ రాసేశా. 0.5 ఇస్తే చక్కగా వచ్చింది, 1 ఇస్తే వచ్చింది, 30 ఇస్తే మాత్రం నాలుగు అంకెల తర్వాత అంతా చెత్త. కారణం చాలా సింపుల్, ఎక్స్ 30 అయినప్పుడు ఆ సిరీస్‌లో మధ్య పదాలు 10^11 దాటిపోతాయి, చివరికి రావాల్సిన జవాబేమో 1 లోపు, అంత పెద్ద అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేసరికి డబుల్‌లో (64 బిట్లలో పెట్టే దశాంశ సంఖ్య) ఉన్న 16 అంకెల్లో 12 దాకా అక్కడే పోతాయి. అప్పుడు అర్థమైంది ఇది సాయంత్రం పని కాదని. ఆ తర్వాత చాలా నెలలు వేరేవాళ్లు ఎలా చేశారో చదువుతూ పోయా, ఇప్పుడు అదే దారిలో ఇరుక్కున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. ఏ కోడ్ వాడాలి అన్నది రెండో ప్రశ్న. మీ యూజర్‌కి ఏ మాట ఇస్తున్నారు అన్నది మొదటిది. ఆ మాట డాక్యుమెంటేషన్‌లో ఒక్క లైన్‌లో రాయగలిగితే మిగతా ఎంపిక సగం దానంతట అదే తేలిపోతుంది.

ముందు దేన్ని బట్టి చూడాలి

మొదటిది ఖచ్చితత్వం. దీన్ని యూఎల్‌పీల్లో కొలుస్తారు, అంటే ఒక డబుల్‌కీ దాని పక్క డబుల్‌కీ మధ్య ఉన్న దూరం, 1 దగ్గర అది 2^-52, దాదాపు 2.2×10^-16. అసలైన జవాబుకి అతి దగ్గరి డబుల్‌నే ప్రతిసారీ ఇస్తే తప్పు 0.5 యూఎల్‌పీ దాటదు, దాన్నే కరెక్ట్ రౌండింగ్ అంటారు. 1 యూఎల్‌పీ లోపు అంటే అటు పక్కదో ఇటు పక్కదో వస్తుంది, మామూలు వాడకానికి అది చాలా మంచి క్వాలిటీ. కూడిక, గుణకారం, భాగహారం, స్క్వేర్ రూట్, వీటికి ఐఈఈఈ 754 స్టాండర్డ్ 1985 నుంచీ కరెక్ట్ రౌండింగ్ తప్పనిసరి చేసింది, కానీ సైన్, లాగ్ లాంటివాటికి 2008 వెర్షన్‌లో కూడా అది సిఫార్సు మాత్రమే. గొడవంతా ఆ ఖాళీలోంచే పుడుతోంది.

రెండోది, అన్ని మెషిన్లలో ఒకే బిట్లు రావడం. చాలామంది దీన్ని ఖచ్చితత్వంతో కలిపేస్తారు, రెండూ వేరు. 0.9 యూఎల్‌పీ తప్పు ఉన్న లైబ్రరీ కూడా ప్రతి మెషిన్ మీదా అదే తప్పు ఇస్తే చాలామందికి చాలు, 0.51 ఉన్నదైనా ఒక్కో చోట ఒక్కోలా ఇస్తే టెస్టులు పడిపోతాయి.

మూడోది స్పీడ్, కానీ సగటు స్పీడ్ ఒక్కటే చూస్తే మోసపోతారు, అత్యంత నెమ్మది కేసు ఎంత అన్నది కూడా చూడాలి. నాలుగోది అంచు కేసులు: మైనస్ సున్నా, ఇన్ఫినిటీ, ఎన్‌ఏఎన్ (సంఖ్య కాదు అని చెప్పే విలువ), సబ్‌నార్మల్ (సున్నాకి మరీ దగ్గరి) సంఖ్యలు. సైన్‌కి మైనస్ సున్నా ఇస్తే మైనస్ సున్నాయే రావాలి, సొంతంగా రాసినవాటిలో ఇది ఎన్నిసార్లు తప్పుతుందో లెక్కలేదు. ఇంకా లైసెన్స్, కోడ్ సైజు, రేపు ఆ కోడ్ ఎవరు చూసుకుంటారు అన్నవి ఉన్నాయి గానీ అవి ఒక్కో ప్రాజెక్టుని బట్టి.

అన్నీ ఒక్క చూపులో కావాలంటే ఇదిగో, వివరాలు కింద:

| మార్గం | డబుల్‌లో గరిష్ఠ తప్పు | అన్నిచోట్లా ఒకే బిట్లు | స్పీడ్ | మీ మీద పడే పని |
|---|---|---|---|---|
| సిస్టమ్ సీ లైబ్రరీ పిలవడం | హామీ ఇవ్వలేరు | రావు | బాగుంటుంది | దాదాపు ఏమీ లేదు |
| ఎఫ్‌డీలిబ్‌ఎమ్ కుటుంబం పోర్ట్ | చాలా ఫంక్షన్లకి 1 యూఎల్‌పీ లోపు | వస్తాయి, జాగ్రత్త పడితే | ఓ మాదిరి | కొన్ని వారాలు |
| కొత్త తరం టేబుల్ కోడ్ | ఎక్స్‌ప్ (ఈ పవర్ ఎక్స్), లాగ్, పౌ (ఎక్స్ పవర్ వై)కి 0.55 లోపు | వస్తాయి, ఇంకా జాగ్రత్త పడితే | చాలా బాగుంటుంది | పోర్ట్ లాంటిదే |
| కరెక్ట్ రౌండింగ్ కోడ్ | 0.5 | వస్తాయి | ఇప్పుడు బాగానే ఉంటుంది | ఎక్కువ, కోడ్ పెద్దది |
| సొంతంగా రాయడం | మీ టెస్టుల మీద ఆధారం | వస్తాయి | మీ చేతిలో | నెలలు |

సిస్టమ్‌లో ఉన్నదాన్నే పిలిచేయడం

పైథాన్ చేసేది ఎక్కువగా ఇదే, మ్యాథ్ మాడ్యూల్‌లో చాలా భాగం కింద ఉన్న సీ లైబ్రరీకి పల్చటి తొడుగు అని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది. రస్ట్ కూడా సైన్ లాంటివాటిని ప్లాట్‌ఫామ్‌కే వదిలేస్తుంది, పైగా ఖచ్చితత్వం ప్లాట్‌ఫామ్‌ని బట్టి, రస్ట్ వెర్షన్‌ని బట్టి, ఒకే రన్‌లో రెండు కాల్స్ మధ్య కూడా మారొచ్చు అని సూటిగా రాసి పెట్టారు. నాకు ఆ నిజాయితీ చాలా నచ్చింది, ఎందుకంటే ఈ దారిలో వెళ్లేవాళ్లు ఇవ్వగలిగిన మాట అంతే.

ఒకే రన్‌లో ఎలా మారుతుంది అని అడుగుతారేమో, కంపైలర్ వల్ల. సోర్స్‌లో సైన్(0.5) అని స్థిర విలువ రాస్తే జీసీసీ కంపైలర్ దాన్ని కంపైల్ టైమ్‌లోనే ఎంపీఎఫ్‌ఆర్ అనే, ఎన్ని అంకెలైనా లెక్కేసే లైబ్రరీతో కరెక్ట్‌గా లెక్కేసి పెట్టేస్తుంది, అదే 0.5 ఒక వేరియబుల్‌లోంచి వస్తే రన్‌టైమ్‌లో సీ లైబ్రరీ లెక్కేస్తుంది, రెండింటికీ చివరి బిట్ తేడా రావచ్చు. ఎల్‌ఎల్‌వీఎమ్ అనే ఇంకో కంపైలర్ అయితే కంపైల్ చేస్తున్న మెషిన్ లైబ్రరీతో లెక్కేస్తుంది, అంటే ఒక ఓఎస్ మీద కూర్చుని ఇంకో ఓఎస్ కోసం బిల్డ్ చేస్తే మొదటిదాని జవాబు రెండోదాని బైనరీలోకి వెళ్లిపోతుంది. పైగా లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీలో, విండోస్ రన్‌టైమ్‌లో సీపీయూకి ఎఫ్‌ఎమ్‌ఏ (గుణకారం, కూడిక కలిపి ఒకే రౌండింగ్‌తో చేసే ఇన్‌స్ట్రక్షన్) ఉందా లేదా చూసి వేరే వేరే కోడ్ ఎంచుకునే ఏర్పాటు ఉంది, కాబట్టి అదే బైనరీని పాత సీపీయూ మీద నడిపినా చివరి అంకె మారే అవకాశం ఉంది.

అయినా మొదటి వెర్షన్‌కి ఇదే పెట్టండి అంటాను. ఒక్క షరతు మీద, డాక్యుమెంటేషన్‌లో ఏ హామీ ఇవ్వకండి. ఇవ్వకుండా ఉంటేనే తర్వాత మార్చుకునే స్వేచ్ఛ మీకు మిగులుతుంది.

ఎఫ్‌డీలిబ్‌ఎమ్ కుటుంబాన్ని పోర్ట్ చేయడం

సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 1993లో ఇచ్చిన ఎఫ్‌డీలిబ్‌ఎమ్ అనే మ్యాథ్ లైబ్రరీ ఈ రంగంలో అందరికీ తాత లాంటిది. ఫ్రీబీఎస్‌డీ మ్యాథ్ లైబ్రరీ దాన్నుంచే పెరిగింది, మస్ల్ అనే చిన్న సీ లైబ్రరీ దాంట్లోంచి తీసుకుంది, జూలియా కోసం చేసిన ఓపెన్‌లిబ్‌ఎమ్ కూడా అంతే, గో లాంగ్వేజ్ మ్యాథ్ ప్యాకేజీలో కొంత ఫ్రీబీఎస్‌డీ నుంచి కొంత సెఫిస్ అనే ఇంకో పాత లైబ్రరీ నుంచి గోలోకి తిరగరాసుకున్నారు. జావాస్క్రిప్ట్ స్పెసిఫికేషన్ కూడా ఏ అల్గారిథమ్ అన్నది ఇంజన్‌కి వదిలేస్తూనే ఎఫ్‌డీలిబ్‌ఎమ్‌ని సిఫార్సు చేస్తుంది. లైసెన్స్‌తో ఇబ్బంది లేదు, కాపీరైట్ నోటీస్ అలాగే ఉంచితే చాలు.

ఆ కోడ్ చదివితేనే చాలా నేర్చుకుంటాం. సైన్ కోసం ఎక్స్ క్యూబ్ ముందు వచ్చే కోఎఫిషియెంట్ టేలర్ ప్రకారం -1/6, అంటే -0.16666666666666666, కానీ అక్కడ -0.16666666666666632 అని ఉంటుంది. టైపో కాదు. టేలర్ సున్నా దగ్గర మాత్రమే గొప్పగా ఉండి దూరం పోయేకొద్దీ పాడవుతుంది, ఇక్కడ పాలినామియల్‌ని మొత్తం పరిధిలో (సున్నాకి అటూ ఇటూ 45 డిగ్రీలు) గరిష్ఠ తప్పు అతి తక్కువ అయ్యేలా రెమెజ్ పద్ధతిలో సర్దారు. ఎక్స్^13 దాకా వెళ్లి ఆపేస్తారు, తప్పు 2^-58 లోపే ఉంటుంది. నా టేలర్ కోడ్‌కీ దీనికీ ఉన్న తేడా ఇదీ, ఇంకా రేంజ్ రిడక్షన్‌ది.

రేంజ్ రిడక్షన్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే సొంతంగా రాసేవాళ్లందరూ పడేది అక్కడే. పెద్ద ఎక్స్ ఇచ్చినప్పుడు దాంట్లోంచి పై (3.14159…) సగం ఎన్నిసార్లు పోతుందో చూసి మిగిలిన ముక్కకే పాలినామియల్ వెయ్యాలి, కానీ 3.14159ని డబుల్‌లో పెట్టుకుని తీసేస్తే ఆ రౌండింగ్ తప్పు కూడా అన్నిసార్లు పెరిగిపోతుంది. సైన్(10^22) సరైన జవాబు -0.8522008497671888. 10^22 దగ్గర రెండు పక్క పక్క డబుల్స్ మధ్య దూరమే 20,97,152, అంత దూరం ఉన్నప్పుడు సైన్‌కి అర్థమేముంది అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. 10^22 డబుల్‌లో సరిగ్గా పడుతుంది, యూజర్ ఇచ్చింది ఆ సంఖ్యే, దానికి జవాబు ఒకటే ఉంది, ఇన్‌పుట్ ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం లైబ్రరీ పని కాదు. ఎఫ్‌డీలిబ్‌ఎమ్ ఇందుకోసం 2 బై పై విలువని 396 హెక్సాడెసిమల్ అంకెల దాకా టేబుల్‌లో పెట్టుకుంది, పేన్, హానెక్ అనే ఇద్దరి పేరు మీద ఉన్న పద్ధతి అది, పోర్ట్ చేసేటప్పుడు ఆ టేబుల్‌ని ఒక్క అంకె కూడా చేత్తో టైప్ చెయ్యకండి.

పోర్ట్ చేసేవాళ్లకి ఇంకో రెండు గుంతలున్నాయి. ఒకటి, మీ లాంగ్వేజ్‌లో దశాంశ సంఖ్యలు చదివే కోడ్ సరిగ్గా రౌండ్ చేస్తుందా అన్నది ముందు చూసుకోండి, అది చివరి బిట్ తప్పు చదివితే కోఎఫిషియెంట్లన్నీ తప్పే, ఎన్ని రోజులు వెతికినా బగ్ దొరకదు, వీలైతే హెక్స్ రూపంలో రాసుకోండి. రెండోది ఎఫ్‌ఎమ్‌ఏ. గో స్పెసిఫికేషన్ గుణకారం, కూడికలని కలిపి ఒకే రౌండింగ్‌తో చెయ్యడానికి ఒప్పుకుంటుంది, ఏఆర్‌ఎమ్64 మీద అలాగే చేస్తుంది, ఇంటెల్ మామూలు బిల్డ్‌లో చెయ్యదు, కోడ్ ఒకటే అయినా బిట్లు వేరవ్వొచ్చు. అన్నిచోట్లా ఒకటే రావాలంటే ఈ కలపడాన్ని మ్యాథ్ ఫైళ్లకి ఆపేయాలి, ఫాస్ట్ మ్యాథ్ ఫ్లాగులు ఆ ఫైళ్ల దరిదాపుల్లోకి రాకూడదు.

జావా చేసినది నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన డిజైన్. స్ట్రిక్ట్‌మ్యాథ్ అని ఒక క్లాస్, అది ఎఫ్‌డీలిబ్‌ఎమ్ ఇచ్చే బిట్లనే ఇవ్వాలి, ప్రతిచోటా. మ్యాథ్ అని ఇంకోటి, అందులో సైన్‌కి 1 యూఎల్‌పీ దాకా స్వేచ్ఛ ఉంది, జేవీఎమ్ (జావా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) దాన్ని ప్రాసెసర్‌కి తగ్గట్టు వేగంగా చేసుకోవచ్చు. రెండు మాటలు, రెండు పేర్లు. తర్వాత ఆ సీ కోడ్‌ని కూడా జావాలోకే తిరగరాశారు, అప్పుడు సీ కంపైలర్ల తేడాల గొడవ కూడా పోయింది.

కొత్త తరం టేబుల్ కోడ్

1993 నాటి మెషిన్లకి మెమరీ తక్కువ, భాగహారం ఎలాగూ ఖరీదే. ఇప్పుడు లెక్కలు మారాయి. ఏఆర్‌ఎమ్ వాళ్ల ఆప్టిమైజ్డ్ రొటీన్స్‌లో ఎక్స్‌ప్‌కి 128 మెట్ల టేబుల్ ఉంటుంది, 2 కేబీ అంతే, టేబుల్ వల్ల పరిధి బాగా చిన్నదై పాలినామియల్ పొట్టిగా అయిపోతుంది, భాగహారం అస్సలు ఉండదు. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఎక్స్‌ప్, లాగ్, పౌ ఇలాంటివాటితోనే మార్చారు, మస్ల్ కూడా తీసుకుంది. ఖచ్చితత్వం కూడా పాతవాటికన్నా మెరుగు. ఎమ్‌ఐటీ లైసెన్స్ ఎంచుకోవచ్చు. నేనైతే ఎఫ్‌డీలిబ్‌ఎమ్ పోర్ట్ చేస్తూ ఈ మూడు ఫంక్షన్లని మాత్రం ఇక్కడినుంచి తీసుకుంటాను. అయితే ఈ కోడ్‌లో ఎఫ్‌ఎమ్‌ఏ ఉన్నప్పుడు ఒక దారి, లేనప్పుడు ఒక దారి ఉంటుంది, ఒకే బిట్లు కావాలంటే ఒక దారినే పట్టుకుని ఉండాలి.

కరెక్ట్ రౌండింగ్

ఇది పదేళ్ల క్రితం అడిగితే వద్దనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను.

కష్టం ఎక్కడంటే, కొన్ని ఇన్‌పుట్లకి అసలు జవాబు రెండు డబుల్స్‌కి సరిగ్గా నట్టనడుమ దగ్గరగా పడుతుంది, ఎటు రౌండ్ చెయ్యాలో తెలియాలంటే 53 బిట్ల జవాబు కోసం లోపల 100 పైచిలుకు బిట్లు లెక్కెయ్యాలి. ఎన్ని బిట్లు చాలో ముందు తెలియదు. పాత జీలిబ్‌సీలో ఐబీఎమ్ నుంచి వచ్చిన కోడ్ ఈ పని చేసేది, అనుమానం వస్తే 768 బిట్ల దాకా వెళ్లేది, ఆ ఇన్‌పుట్ తగిలినప్పుడు పౌ మామూలుకన్నా వేల రెట్లు నెమ్మదయ్యేది, అందుకే తీసేశారు. నేను అత్యంత నెమ్మది కేసు చూడమన్నది ఇందుకే.

తర్వాత లెఫెవ్ర్, ముల్లర్ లాంటివాళ్లు ఒక్కో ఫంక్షన్‌కి అతి కష్టమైన ఇన్‌పుట్లేవో వెతికి పట్టుకున్నారు, అప్పుడు ఎంతవరకు వెళ్తే చాలో తెలిసింది. దాని మీద కట్టినవే ఫ్రాన్స్‌లో ఇన్రియా వాళ్ల కోర్‌మ్యాథ్, ఎమ్‌ఐటీ లైసెన్స్‌తో ఉంది. ఎల్‌ఎల్‌వీఎమ్ లిబ్‌సీ కూడా ఇదే లక్ష్యంతో రాస్తున్నారు. సీ23 స్టాండర్డ్ అయితే కరెక్ట్ రౌండింగ్ ఫంక్షన్ల కోసం ప్రత్యేకంగా సీఆర్ అని మొదలయ్యే పేర్లే పక్కన పెట్టింది. 2025 మొదట్లో వచ్చిన జీలిబ్‌సీ 2.41లో చాలా సింగిల్ ప్రెసిషన్ (32 బిట్ల) ఫంక్షన్లు కోర్‌మ్యాథ్ నుంచి తెచ్చుకున్నారు.

సింగిల్ ప్రెసిషన్‌కి మాత్రం ఇంక ఆలోచించకండి, కరెక్ట్ రౌండింగే పెట్టండి. ఒక ఇన్‌పుట్ ఉన్న ఫంక్షన్‌కి మొత్తం ఉన్నదే దాదాపు 429 కోట్ల విలువలు, అన్నీ ఎంపీఎఫ్‌ఆర్‌తో పోల్చి చూడొచ్చు, మామూలు మెషిన్ మీద గంటల పని. డబుల్‌కి అది కుదరదు, సెకనుకి 100 కోట్లు చూసినా దాదాపు 585 ఏళ్లు పడుతుంది. డబుల్‌లో ఒక ఇన్‌పుట్ ఫంక్షన్లు తీసుకోవచ్చు, పౌ మాత్రం రెండు ఇన్‌పుట్లది కాబట్టి చాలా కష్టం, దాన్ని చివరికి పెట్టుకోండి.

కరెక్ట్ రౌండింగ్‌తో వచ్చే గొప్ప లాభం ఖచ్చితత్వం కన్నా ఇంకోటి ఉంది. సరైన జవాబు ఒక్కటే కాబట్టి అల్గారిథమ్ ఎప్పుడు మార్చినా బిట్లు మారవు. ఎఫ్‌డీలిబ్‌ఎమ్ బిట్లే ఇస్తామని మాట ఇస్తే దాని తప్పులతో సహా శాశ్వతంగా మోసుకుపోవాలి, ఇక్కడ ఆ బరువు లేదు, కంపైల్ టైమ్‌లో లెక్కేసినా రన్‌టైమ్‌లో లెక్కేసినా అదే వస్తుంది.

హార్డ్‌వేర్ ఇన్‌స్ట్రక్షన్లు, కార్డిక్

స్క్వేర్ రూట్, ఎఫ్‌ఎమ్‌ఏ, ఫ్లోర్ ఉంటే తప్పకుండా హార్డ్‌వేర్‌వే వాడండి. పాత ఎక్స్87 సైన్ ఇన్‌స్ట్రక్షన్ మాత్రం వద్దు. లోపల 66 బిట్ల పై విలువే ఉంది, 3.14159…కి దగ్గరి డబుల్ ఇస్తే సరైన జవాబు 1.2246467991×10^-16 అయితే అది 1.2246063538×10^-16 ఇస్తుంది, నాలుగైదు అంకెల తర్వాత అంతా తప్పు, 2^63 దాటితే అసలు లెక్కే చెయ్యకుండా ఇచ్చిందే తిరిగి ఇస్తుంది. కార్డిక్ అయితే వోల్డర్ 1959లో ప్రచురించిన పద్ధతి, షిఫ్టులూ కూడికలతోనే ఒక్కో అడుగుకి ఒక్కో బిట్ తెస్తుంది, గుణకారం లేని చిన్న చిప్‌కి అద్భుతం, గుణకారం ఉన్నచోట పాలినామియలే గెలుస్తుంది.

సొంతంగా రాయడం

నేర్చుకోవడానికి రాయండి, తప్పకుండా. సోల్యా అనే టూల్ ఉంది, డబుల్‌లో సరిగ్గా పట్టే కోఎఫిషియెంట్లతోనే పాలినామియల్ వెతికి ఇస్తుంది. స్టాండర్డ్ లైబ్రరీలోకి మాత్రం మీకు ప్రత్యేక కారణం ఉంటేనే, అంటే వేరే సంఖ్యా ఫార్మాట్, వెక్టర్ వెర్షన్, లేదా ఎక్కడా మంచి కోడ్ లేని ఫంక్షన్. జూలియా వాళ్లు సైన్, ఎక్స్‌ప్ లాంటివి జూలియాలోనే రాసుకున్నారు, కానీ దానికి వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి న్యూమరికల్ పని చేసే జనం ఉన్నారు.

ఎవరికి ఏది

ఒక్కరే లాంగ్వేజ్ చేస్తుంటే సిస్టమ్‌ది పిలవండి, హామీ ఇవ్వకండి, ఆ టైమ్ మిగతా లాంగ్వేజ్ మీద పెట్టండి. లాగ్1పీ (1+ఎక్స్‌కి లాగ్), ఎక్స్‌ప్ఎమ్1 (ఎక్స్‌ప్ మైనస్ 1), హైపాట్ (రెండు భుజాల నుంచి కర్ణం), క్యూబ్ రూట్ మాత్రం మొదటిరోజే పెట్టండి, లేకపోతే యూజర్లు లాగ్(1+ఎక్స్) అని సొంతంగా రాసుకుంటారు, ఎక్స్ 10^-16 అయితే దానికి సున్నా వస్తుంది. హైపాట్ కూడా అంతే, 10^200ని చేత్తో స్క్వేర్ చేస్తే ఇన్ఫినిటీయే.

గేములు, సిమ్యులేషన్లు చేసే యూజర్లు ఉంటే, ముఖ్యంగా ఇన్‌పుట్లు మాత్రమే నెట్‌వర్క్‌లో పంపి ప్రతి మెషిన్ తనంతట తాను లెక్కేసుకునే రకం అయితే, పోర్ట్ తప్పదు. అక్కడ చివరి బిట్ తేడా కొన్ని వేల ఫ్రేముల్లో పెద్దదై ఇద్దరు ఆటగాళ్లు రెండు వేరే ప్రపంచాలు చూస్తుంటారు, దాన్ని డీబగ్ చేసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. స్పీడ్ కోసం వచ్చే న్యూమరికల్ జనానికి జావా లాగా రెండు మాడ్యూల్స్ పెట్టండి. చిన్న చిప్‌ల మీద నడిచేదైతే టేబుల్ సైజులు కొలుచుకుని సింగిల్ ప్రెసిషన్ కరెక్ట్ రౌండింగ్ వెర్షన్లు చూడండి, అవి పట్టకపోతే ఎఫ్‌డీలిబ్‌ఎమ్ కుటుంబమే చిన్నది.

పది మంది పనిచేస్తూ పదేళ్లు నిలవాలనుకునే లాంగ్వేజ్ అయితే నా సలహా ఈ వరసలో: మొదట ఎఫ్‌డీలిబ్‌ఎమ్ కుటుంబం పోర్ట్, ఎక్స్‌ప్, లాగ్, పౌకి టేబుల్ కోడ్, సింగిల్ ప్రెసిషన్ అంతా కరెక్ట్ రౌండింగ్, తర్వాత డబుల్‌లో ఒక్కొక్కటిగా కరెక్ట్ రౌండింగ్ వైపు. అది పూర్తయ్యేదాకా బిట్లు మారొచ్చు అని ప్రతి ఫంక్షన్ పక్కన రాసి ఉంచండి, పూర్తయిన ఫంక్షన్ దగ్గర ఆ లైన్ తీసేయండి.

ఏ దారి పట్టినా టెస్టులు మాత్రం మొదలుపెట్టకముందే రాసుకోండి. ఎంపీఎఫ్‌ఆర్‌తో లెక్కేసిన జవాబులు, యాదృచ్ఛికంగా తీసిన ఇన్‌పుట్లు, తెలిసిన కష్టమైన ఇన్‌పుట్లు, సబ్‌నార్మల్స్, ఇంకా పౌ తాలూకు వింత కేసులన్నీ. పౌ(1, ఎన్‌ఏఎన్) సీలో 1, జావాస్క్రిప్ట్‌లో ఎన్‌ఏఎన్. మీ లాంగ్వేజ్‌లో ఏది రావాలో ఇవాళే తేల్చుకుని ఆ టెస్ట్ ముందు రాయండి.